యల్లక్క తెచ్చిన చక్కెర

"నోరు తెరువబ్బా, ఈ చక్కెర ఏస్కో. మాట తర్వాత చెప్తా."

రైలు హిందూపురం దాటగానే యల్లక్క వచ్చి జమీర్ ఎదుట కూర్చుని, పొట్లం విప్పి చిటికెడు తీసి చెయ్యి చాచింది.

జమీర్ ఆమెను గుర్తుపట్టి చీరల సంచిని దగ్గరికి లాక్కున్నాడు. ధర్మవరంలో తనతోపాటు చీరల అంగడిలో పనిచేసే నాగేష్ పక్కనే ఉన్నాడు.

సొంతూళ్లో ఎవరి కంటా పడకూడదని జమీర్ హెచ్ఐవీ మాత్రలకు హిందూపురం ఆసుపత్రికి పోతాడు. అక్కడి బెంచీ మీద ఈమెను చూశాడేగాని ఏనాడూ పలకరించలేదు. ఈరోజు తెచ్చుకున్న మాత్రలు చీరల సంచి అడుగున ఉన్నాయి.

ఎవరామె అని నాగేష్ అడిగాడు.

"ఆమెకు ఎయిడ్స్ ఉండాదంట. ఆమె చేతిది ఏమీ తినొద్దు," అన్నాడు జమీర్, ఆమెకు వినపడేట్టుగానే.

చుట్టుపక్కలవాళ్లు ఎడంగా జరిగారు.

యల్లక్క జమీర్ సంచి వైపు ఒకసారి చూసింది. ఆమె ఒక్క మాటంటే జమీర్ పరువు ఆ రైలుపెట్టెలోనే పోయేది. కానీ ఆమె పొట్లం మడిచి, లేచిపోయి తలుపు దగ్గర నిలబడింది. పెనుకొండ రాగానే దిగిపోయింది.

ఆమె తన అత్తగారి వీధిలో పెళ్లిళ్లకు వంట చేస్తుందని నాగేష్‌కు అప్పుడు గుర్తొచ్చింది. ఇక ఆమెను వంటకు పిలవొద్దని వెంటనే అత్తగారింటికి ఫోన్ చేసి చెప్పేశాడు. జమీర్‌కు సిగ్గుతో తల వాలిపోయింది. అయినా నాగేష్‌ను ఆపలేదు.

సాయంత్రం హిందూపురం నుంచి హీనా ఫోన్ చేసింది. జమీర్ తన జబ్బు సంగతి చెప్పుకున్నది ఆమె ఒక్కదానికే. పెళ్లి మాటకు ఆమె ఇంకా బదులివ్వలేదు.

"చక్కెర తినింటివా?" అంది నవ్వుతూ.

పెళ్లికి సరేనంటే తమ ఇళ్లలో ముందు నోట్లో వేసేది చక్కెరేనని జమీర్‌కు అప్పుడు తట్టింది. చక్కెర తెచ్చినామె నీకెట్లా తెలుసని అడిగాడు.

మాత్రలు తప్పకుండా మింగుతూ, పరీక్షలో వైరస్ కనపడనంత కాలం భార్యకు అంటదని ఆసుపత్రిలో చెప్పినా తనకు భయం పోలేదంది హీనా. అందుకని వాళ్లే యల్లక్కతో మాట్లాడించారట.

"నీ ఫోటో చూపిస్తే, మంచోడమ్మా, ఒక్క నెలా మాత్రలు తప్పడు అనింది. శుభం మాట నేనే చెప్తానని పొట్లం తీసుకొని పోయింది."

ఆమెకూ ఈ జబ్బుంది కదా అన్నాడు జమీర్.

"జబ్బు ఆమె మొగునికి, ఆమెకు కాదు, ఇన్నేండ్లు కాపురం చేసినా అంటుకోని ఆమెను చూసే నేను నీకు సరే అన్నా."