తేట నీళ్లు

“మట్టి కొట్టి మూసేస్తావేంటయ్యా! ఇక్కడ మూస్తే పక్కన ఇంకో నోరు తెరుస్తుంది,” అంటూ పెద్దమ్మ పాలవాడి చేతిలోని పార లాక్కుంది.

వరదను ఆపడానికి వేసిన మట్టికట్ట అది. దాని అడుగున, కింది పేట వైపు, ఊట పుట్టింది. నీళ్లు బురదగా వస్తున్నాయి. అంటే కట్ట లోలోపల కరుగుతోందన్నమాట. తెగిందా, పేట తుడిచిపెట్టుకుపోతుంది. జనమంతా ముసలివాళ్లనీ గొడ్లనీ మిట్టకు చేర్చే హడావిడిలో ఉన్నారు. ఊట దగ్గర మిగిలింది ముగ్గురే: పెద్దమ్మ, ఆమె కోడలు, ఈమధ్యే పేటలో అద్దెకు దిగిన పాలవాడు.

“మరేం చెయ్యమంటారు?”

“నీళ్లను పోనీ. మట్టిని మాత్రం పోనివ్వకు. చుట్టూ ఇసుక బస్తాలు పేర్చు, మధ్యలో కంకర పొయ్యి. తేట నీళ్లు వచ్చాయంటే పేట బతికినట్టే.”

వాన మొహం మీద కొడుతోంది. పాలవాడి నడుం విరిగిపోతోంది. పెద్దమ్మ మాత్రం బస్తా మీద బస్తా వేస్తూనే ఉంది. ఈ ముసలి ప్రాణంలో ఇంత మొండితనం ఎక్కడిదా అనుకున్నాడతను. సొంత ఇల్లు మరి! ఎవరి గూడు వాళ్లకు ముద్దు.

కోడలు తట్ట దించి నిలబడిపోయింది. “అత్తయ్యా, ఆ చివర కాస్త గండి కొడితే...”

“నోర్ముయ్! తట్ట ఎత్తు.”

“మతిగాని పోయిందా చెల్లెమ్మా?” అన్నాడు పాలవాడు. “గండి కొడితే ముందు కొట్టుకుపోయేది మన కొంపలే!”

కోడలు ఏదో అనబోయి, అత్త చూపు చూసి ఆగింది. కళ్లు తుడుచుకుని తట్ట ఎత్తుకుంది. పాలవాడికి జాలేసింది. భయం మనిషి చేత ఏమైనా అనిపిస్తుంది పాపం.

సాయంత్రానికి ఊట తేటపడింది. పెద్దమ్మ దోసిట పట్టి చూసి, “నిలిచింది,” అంది. పాలవాడు సిగ్గు విడిచి బావురుమన్నాడు.

“పదండి, మిమ్మల్ని ఇంటిదాకా దిగబెడతాను.”

పెద్దమ్మ పేట వైపు నడవలేదు. కట్ట ఎక్కసాగింది. అతనూ వెనకే ఎక్కాడు. పొద్దుటినుంచీ అడుగునే పనిచేస్తున్నాడేమో, అవతలి వైపు ఇప్పుడే చూశాడు. కనుచూపు మేరా నీళ్లే. కట్ట ఆపి ఉంచిన నీళ్లు.

“అమ్మో! ఇంతకీ మీ ఇల్లెక్కడ పెద్దమ్మా?”

నీళ్లపైన మిగిలిన పెంకుల కప్పును పెద్దమ్మ చూపించింది.