కిరాయి ఆటగాడు

గాసి కొట్టిన బంతి నెట్టు దాటకుండా ఇవతలే పడింది.

వరసగా అది మూడోసారి.

"ఏటయింది నీకు?" అన్నాడు సోంబరు పళ్లు బిగబట్టి.

గాసి మైదానం పక్కన ఆగి ఉన్న జీపు వైపు చూస్తున్నాడు.

సోంబరుకి ఒళ్లు మండిపోయింది. మండదా మరి? పనసవలస వాలీబాల్ జట్టుకి అతనే కెప్టెన్. ఈ కిరాయి మనిషిని కొండెక్కించిందీ అతనే. పార్వతీపురం మార్కెట్లో మూటలు మోస్తూ సాయంత్రాలు బంతి ఆడుకునే గాసిని చూసి ముచ్చటపడ్డాడు. కొట్టాడంటే బంతి నేలలో దిగబడాల్సిందే. ఊళ్లో ఇంటికో కుంచెడు చోళ్లు పోగేసి, రెండు బస్తాలిస్తామని మాటిచ్చి తీసుకొచ్చారు.

ఊరికే తేలేదు. ఈ టోర్నమెంటులో గెలిచిన ఊరికి కప్పుతోపాటు నీళ్ల మోటారు, పైపులు, ట్యాంకు ఇస్తారట. సోంబరు పెళ్లాం రాజులమ్మ ఏడో నెల కడుపుతో కొండ దిగి గెడ్డలో పారే నీళ్లు మోస్తోంది. కిందటేడు అలా మోస్తూనే కాలుజారి కడుపులో బిడ్డను పోగొట్టుకుంది.

సెమీఫైనల్ దాకా గాసి చెలరేగిపోయాడు. ఫైనల్లో జీలుగువలస మీద మొదటి సెట్టూ అతని చేతి మీదే గెలిచారు. అప్పుడొచ్చింది జీపు. టోర్నమెంటు పెట్టించిన కాంట్రాక్టర్ శివకుమార్ దిగి మైకు అందుకున్నాడు.

"గెలిచిన ఊరివాళ్లు వెళ్లిపోకండి. సామాను అందినట్టు అందరూ కాగితం మీద వేలుముద్రలు వెయ్యాలి."

అప్పటినుంచీ గాసి చెయ్యి లేస్తే ఒట్టు.

రెండో సెట్టు పోయింది. మంచినీళ్లు తాగే సందులో అతను సోంబరుని పక్కకి లాగాడు.

"ఈ ఆట ఒగ్గేద్దాం."

"ఏటన్నావు?"

"గెలవొద్దు. ఆ కాయితం మీద ఏలు ఎట్టొద్దు. అందులో ఏటి రాసుందో మీకు తెల్దు."

"నీకు తెలుసేటి?"

"తెలుసు గనకే సెప్తన్నాను. నా మాటిను, సోంబరూ..."

కోపానికి కళ్లుండవంటారు. చెవులు అసలే ఉండవు. సోంబరు గాసి చెంప పగలగొట్టాడు.

"జీలుగువలసోళ్లు ఎంతిచ్చేరు నీకు?"

బదులు దింపడానికి ఇంకో మనిషి లేడు. మూడో సెట్టులో గాసి గుంజలా నిలబడ్డాడు. పనసవలస ఓడింది.

జీలుగువలసవాళ్లు డప్పులు కొట్టుకుంటూ వరసలో నిలబడి వేలుముద్రలు వేశారు. సోంబరు ఆ మోటారు వంక చూడలేక తల తిప్పుకున్నాడు.

అవి ఇటుకల పండగ రోజులు. వేటకెళ్లి వట్టి చేతులతో వచ్చిన మగాళ్ల మీద ఆడవాళ్లు పేడనీళ్లు కొట్టడం ఆ పండగ ఆచారం. అదో సరసం. కొట్టినవాళ్లూ నవ్వుతారు, కొట్టించుకున్నవాళ్లూ నవ్వుతారు.

ఆ సాయంత్రం ఎవరూ నవ్వలేదు.

ఊరి మొదట్లోనే రాజులమ్మ ముంతెడు పేడనీళ్లు గాసి మొహాన కొట్టింది.

"తూ. అమ్ముడుపోయినోడా."

మిగతా ఆడవాళ్లూ కొట్టారు. కడుక్కోమని ఒక్కరూ చెంబెడు నీళ్లివ్వలేదు. గాసి మొహం కూడా తుడుచుకోలేదు. చోళ్ల బస్తాలు అడగలేదు. వెనక్కి తిరిగి, తిన్నగా జీలుగువలస దారి పట్టాడు.

"సూసినారా? కూలి కోసం ఎల్తన్నాడు," అన్నాడు సోంబరు.

ఊరంతా ఔనంది.

రాజులమ్మ గెడ్డ నీళ్లే మోసింది. దేవత దయవల్ల బిడ్డ దక్కింది. అయినా గాసి పేరెత్తితే చాలు, సోంబరు కాండ్రించి ఉమ్మేవాడు.

మరుసటేడు పాచిపెంట సంతలో భీముడు కనిపించాడు. జీలుగువలస జట్టు కెప్టెన్. ఒక కొట్టు ముందు ఉప్పు బస్తాలు దింపుతున్నాడు.

"మోటారు గెలుసుకున్నోడివి. నీకేటి ఖర్మ?" అని ఎత్తిపొడిచాడు సోంబరు.

"ట్యాంకుంది బావా. ఊరు నేదు."

"అదేటి?"

"కొండని క్వారీకిచ్చేసినామని రాసుందంట ఆ కాయితంలో. మందెట్టి పేల్చేత్తన్నారు. గెడ్డ ఎండిపోనాది. అందరం దిగిపోనాం." ఇంకో బస్తా దింపుతూ అడిగాడు. "మీ గెడ్డ పారతందా?"

"పారతంది," అన్నాడు సోంబరు.

"ఆ సాయంత్రం మీ గాసి ఒంటినిండా పేడతో మా ఊరొచ్చినాడు. కాళ్లట్టుకుంటాను, మోటారు దింపడానికొచ్చిన జీపుకడ్డంపడి ఆ కాయితం సింపేయండన్నాడు. ఓడిపోయిన కుళ్లనుకున్నాం. కర్రలుచ్చుకుని తరిమినాం. నాను కొట్టిన దెబ్బకే ఆడి కుడిసెయ్యి ఇరిగిపోనాది."

బంతి కొట్టే చెయ్యి. మూటలు మోసే చెయ్యి.

"ఇప్పుడెక్కడున్నాడు?" అన్నాడు సోంబరు.

"ఎవులికి తెలుసు? మార్కెట్లో వాకబు సేసినాను. సెయ్యి పనికిరాక ఎటో ఎల్లిపోనాడంట."

"మన రెండూళ్ల కోసం అన్ని దెబ్బలు తిన్నాడా? ఆడికేటి పట్టింది? ఇంతకీ ఆడెవుడు?"

భీముడు బస్తా భుజానికెత్తుకున్నాడు.

"అంతకుముందేడు డొంకరాయి కాడ ఇదే కాంట్రాక్టరు బాబు ఎట్టిన పోటీలో కప్పు గెలిసి, కొండ పోగొట్టుకున్న ఊరి జట్టుకి కెప్టెన్ ఆడేనంట."