తుంచని మాట

"చొక్కా బొత్తాలు నేనే పెట్టాలి. తల నేనే దువ్వాలి. కాఫీ చల్లార్చి చేతికి నేనే అందించాలి. ఇంత చేసినా నోరు తెరిచి ఒక్క ముక్క అప్పజెప్పరు. ఇలాంటి రాజావారని పెళ్లిచూపుల్లో ఎవరూ చెప్పలేదమ్మా!"

ఎదురింట్లోకి కొత్తగా దిగినావిడ పకపకా నవ్వింది. గ్లాసుడు పంచదార కోసం వచ్చిన మనిషి, వంటింటి గుమ్మంలోనే ఉండిపోయింది. లోపలి వేడుక అలాంటిది. ఇల్లాలు బల్ల దగ్గర కూర్చుని బీన్స్ తుంచుతోంది. తల నెరిసిన మొగుడు ఎదుటి కుర్చీలో, మొదటి రోజు బడికొచ్చిన పిల్లాడిలా ముడుచుకుని ఉన్నాడు.

"ఈ వయసులో అన్నయ్యగారికి చదువేమిటి వదినా?"

"డాక్టర్ల ఇంగ్లీషు. గురువారం నర్సింగ్ కాలేజీలో పరీక్ష. గట్టెక్కితే ఉద్యోగం. లేదంటే ఇద్దరం ఇలా బీన్స్ తుంచుకుంటూ కూర్చోవడమే."

మాట తేలిగ్గానే అంది కానీ, ఆ ఉద్యోగం మీద ఆయన ప్రాణం ఎంత కొట్టుకుంటోందో ఆవిడకు తెలుసు. పొద్దున్నే వీధి చివర కాలేజీ బస్సు హారన్ వినబడితే చాలు, ఆయన లేచి చెప్పులు వెతుక్కుంటాడు. ఆవిడ వాటిని మంచం కిందికి తోసేసి, "ఇంకా పిలుపు రాలేదు, కూర్చోండి" అంటుంది.

"సరే, మొదలెడదాం. కార్డియో అంటే?"

ఆయన ఎడమచెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు.

"గ్యాస్ట్రో?"

చెయ్యి కడుపు మీదికి దిగింది.

"చేత్తో చూపిస్తే మార్కులెవరూ వెయ్యరండీ. నోటితో చెప్పాలి. చెబితే ముత్యాలు రాలిపోతాయా?"

ఆయన పెదవులు కదిలాయి. గొంతులో ఏదో గరగరమని ఆగిపోయింది. తల దించుకున్నాడు.

"చూశావా వదినా, మొండితనం! అన్నీ వచ్చు. కావాలనే చెప్పరు. నాలుగు రోజులు వదలకుండా వెంటపడితే ఆయనే దారికొస్తారు."

"అంతంత పొడుగు మాటలు మీకు భలే వచ్చేశాయే!"

"వినగా వినగా వచ్చాయి. ఇందులో బ్రహ్మవిద్యేం లేదు. బీన్స్ లాగే, ఎక్కడ తుంచాలో తెలియాలంతే." ఆవిడ గరిటె అందుకుని, ఒక్కో ముక్కకీ బల్ల మీద ఒక్కో దెబ్బ వేసింది. "కార్. డి. యా. ల. జీ. ఇదీ పద్ధతి. చివర ఐటిస్ ఉంటే వాపు. ఎక్టమీ ఉంటే కోసి తీసెయ్యడం. ముందు 'అ' ఉంటే లేదని అర్థం, మన అన్యాయం, అధర్మం లాగే. అనీమియా, రక్తం లేదు. అప్నియా, ఊపిరి లేదు. తర్వాత..."

ఆగిపోయింది.

"అయ్యో, పాలు పొంగిపోతున్నాయి!" అంటూ గబుక్కున లేచింది.

పొయ్యి మీద పాలగిన్నె లేదు.

గురువారం ఆయనకు ఇస్త్రీ చొక్కా తొడిగి, జేబులో పెన్ను పెట్టి, ఆవిడే వెంట తీసుకెళ్లింది. పరీక్ష కింది అంతస్తులో, చివరి గదిలో. ఖాళీ బెంచీలు. ఫినాయిల్ వాసన. మూలన కొక్కేనికి వేలాడుతున్న ప్లాస్టిక్ అస్థిపంజరం. పరీక్ష పెట్టాల్సింది ఓ చిన్న వయసు లెక్చరర్. ఆయన లోపలికి రాగానే లేచి నిలబడింది. ఆయన కూర్చునేదాకా తను కూర్చోలేదు.

"ప్రిన్సిపాల్ గారు ఒక్క మాట పలికితే చాలన్నారు సార్," అంది మెల్లగా. "కార్డియాలజీ అనండి. తొందరేం లేదు."

ఆయన నోరు తెరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి. శబ్దం రాలేదు.

"చెప్పండీ! పొద్దున ఇంట్లో ఎంచక్కా చెప్పారుగా!" ఇల్లాలు గుమ్మంలోంచి అబద్ధమాడింది.

లెక్చరర్ రెండు వేళ్లతో బల్ల మీద చిన్నగా తట్టసాగింది. కార్. డి.

ఆయన ఎడమచెయ్యి ఒడిలోంచి లేచి బల్ల మీదికొచ్చింది. తట్టడం మొదలుపెట్టాడు. ఐదు దెబ్బలు. ఎక్కడా తడబడలేదు. మళ్లీ ఐదు. మళ్లీ ఐదు. దెబ్బ పడ్డప్పుడల్లా నోరు తెరుచుకుంటోంది. ఖాళీగా మూసుకుంటోంది. కళ్లలోంచి నీళ్లు కారి చొక్కా మీద పడుతున్నాయి. తుడుచుకుందామంటే ఆ చెయ్యి తట్టడం మానదు. రెండో చెయ్యి ఒడిలోంచి కదలదు.

లెక్చరర్ మొహం గోడకు తిప్పుకుంది.

"ఇక చాలు మేడమ్," అంది, వెనక్కి తిరక్కుండానే. "నావల్ల కాదు."

ఇల్లాలు లోపలికొచ్చింది. తడుతున్న ఆ చేతి మీద తన చెయ్యి వేసింది. అరచేతి కింద అది ఇంకాసేపు తట్టి తట్టి ఆగింది. చేతిరుమాలుతో ఆయన కళ్లు తుడిచింది. పెదవి మూల తుడిచింది. ఆయన ఆవిడ మొహంలోకే చూస్తున్నాడు, మార్కులెన్నో చెబుతుందన్నట్టు.

"తప్పు నాదేనండీ," అంది ఆవిడ, గదంతా వినబడేలా, "ఇదే గదిలో ఈ అమ్మాయి చదువుకున్న క్లాసుకు మీరు ఈ మాటలే నేర్పుతూ కుప్పకూలిన రోజున డాక్టరు చెప్పిన అఫేసియా అన్న ఆ ఒక్క మాటని మాత్రం నేను తుంచి చూసుకోలేదు, అ అంటే లేదు, ఫేసియా అంటే మాట."