మడమ రేకు కింద హాజరు పట్టీ

పాత జర్మన్ రైఫిళ్లకు తుప్పు వదిలించడం నా పని. నా భార్య హెడ్విగ్ పోయి రెండేళ్లయింది. ఇంట్లో చప్పుడల్లా ఆకురాయిదే.

"ఏం తుప్పు తాతా, ఈసారి ఏ కట్టెతో కాపురం పెట్టావ్?" అంది బీరుకొట్టు రోస్విథా, ఆ సాయంత్రం నా చంకలో మూట చూసి.

"నీకంటే ముసలిదేలే. కాకపోతే నోరు లేదు," అన్నాను.

అది పద్దెనిమిది వందల డెబ్బై యుద్ధంలో ఫ్రాన్సు మీదికి మావాళ్లు మోసుకెళ్లిన రైఫిల్. రాత్రి దీపం దగ్గర కూర్చుని భుజానికి ఆనించే వెనక కొసకు, అంటే తుపాకి మడమకున్న ఇత్తడి రేకు మరలు విప్పాను. తొర్రలోంచి నూనె పీల్చిన కాగితం జారిపడింది. దాని మీద పెన్సిలుతో ఆరు పేర్లు, సిపాయిల హాజరు పట్టీలా.

నా నోరు ఊరుకోదు కదా. సార్జెంటులా గొంతు పెంచి చదివాను.

"క్వీరిన్ హాఫ్నర్!"

"ఉన్నానండీ!"

పెరటి మంచులోంచి వచ్చిందా కుర్ర గొంతు. నిద్రలోంచి లేపినట్టు బొంగురుగా ఉంది.

నిజం చెప్పొద్దూ, భయం కంటే ముందు సంతోషం వేసింది. ఈ ఇంట్లో నా మాటకు బదులొచ్చింది! రెండో పేరు చదివాను. మూడోది చదివాను. ఒక్కొక్క గొంతూ ఇంకాస్త దగ్గరగా పలికింది. ఆరోది సరిగ్గా తలుపు అవతల.

కాగితం అయిపోయింది. మంచు రాలే చప్పుడు కూడా లేదు.

"ఒకరు తక్కువున్నారండీ," అంది తలుపు అవతలి గొంతు, ఎంతో మర్యాదగా. "మీ పేరు?"

అలా అడిగినవాళ్లు లేక ఎన్నాళ్లయిందో. గొంతు సవరించుకున్నాను.