నీళ్లను తాకే కొమ్మ

దగ్గరికి జరగండి పిల్లలూ, చాప మీద సర్దుకుని కూర్చోండి.

మిల్లు దగ్గర నూకలు మేసి మేసి ఒక గోరువంక బాగా ఒళ్లు చేసింది. తోటి గోరువంకలన్నీ చెరువు దాటి అవతలి గట్టుకు ఎగిరిపోతే, ఎగరలేక అదొక్కటే ఇవతల మిగిలింది. సాయంత్రాలు వాటి అరుపులు వినబడితే అవతలి గట్టు వైపే చూస్తూ కూర్చునేది.

నూకలు మానేసి పురుగులు, పళ్లే తినసాగింది. మొదట్లో అది కూర్చుంటే, చెరువు మీదికి చాచుకున్న తుమ్మకొమ్మ వంగి నీళ్లను తాకేది. ఒళ్లు తగ్గేకొద్దీ కొమ్మ బెత్తెడు పైకి లేచింది. ఆ తర్వాత ఎన్నాళ్లు చూసినా అంతే!

"పీత మామా, ఇంకేం మానను? తిండే మానేయనా?" అని గట్టు బొరియలోని పీత దగ్గర ఏడ్చింది.

"నీ తిండి బాగానే ఉందే తల్లీ. కొమ్మ లేచిందా లేదా అని పొద్దస్తమానం దాని మీదే కూర్చుంటే ఎట్లా? లే, రెక్క ఆడించు!"

గోరువంకకు సిగ్గేసింది. అప్పట్నించి గట్టు వెంబడి ఎగిరింది, రోజూ ఇంకాస్త దూరం.

ఒక సాయంత్రం పీత తలెత్తి చూస్తే కొమ్మ నీళ్లకు ఎంతో ఎత్తున ఊగుతోంది. దాని మీద ఎవరూ లేరు. అవతలి గట్టు అరుపుల్లో ఒక గొంతు ఎక్కువైంది. పీత ఒంటరిగా చాలాసేపు వింది.

ఇక లేవండి. ఇళ్లకు పరుగెత్తి, వేడివేడిగా అన్నం తినండి.