సైక్లిన్ చుక్క

గాజువాకలో ఇంటింటా వంటగట్టు మీద ఒక ఈస్ట్ జాడీ ఉండేది. ఇంట్లోవాళ్ళకు కావలసిన మందు అందులోనే తయారయ్యేది. ఆ ఈస్ట్ కణాలను తమంతట తాము పెరిగిపోకుండా మలిచారు. పొద్దున్నే సైక్లిన్ చుక్క వేస్తేనే ఒక కణం రెండవుతుంది. వేయకపోతే చావదు, రెండు కాకుండా అక్కడే ఆగిపోతుంది.

నూకరత్నం భర్త గవరయ్యకు ఇన్సులిన్ ఆ జాడీలోంచే వచ్చేది. ఆయన పోయిన మర్నాటి నుంచి ఆమె చుక్క వేయడం మానేసింది. ఆరోగ్య కేంద్రం వాళ్ళు జాడీ తీసుకెళ్తామంటే, తర్వాత రమ్మంది. దాని పక్కనే కూరలు తరిగేది, గిన్నెలు తోమేది. ఏడుపు మాత్రం రాలేదు. ఎవరైనా పలకరిస్తే తలూపేది.

ఒక ఉదయం ఎదురింటి ప్రణీత పరుగెత్తుకొచ్చింది.

"పిన్నీ, మా జాడీ బూజు పట్టీసింది. కొత్తది రావడానికి వారం పడతాదట. పాపకి ఇన్సులిన్ రేపటి వరకే ఉంది. మీది బతికే ఉందా?"

"తెలీదే."

నూకరత్నం చుక్క వేసింది. ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. మధ్యాహ్నానికి జాడీ అంచున సన్నగా నురగ లేచింది. ప్రణీత ఏడ్చేసింది. నూకరత్నం ఆ నురగనే చూస్తూ ఉండిపోయింది. తర్వాత జాడీని తువ్వాలులో చుట్టి, గడప దాకా వచ్చి ప్రణీత చేతుల్లో పెట్టింది.

"మాది రాగానే తెచ్చిచ్చెస్తాను పిన్నీ."

"వద్దే. మాయింట్లో సుగరున్నోలు ఎవులూ నేరు," అంది నూకరత్నం.

లేరన్న ఆ మాట ఆమె పైకి అనడం అదే మొదటిసారి. అన్నాక లోపలికి వెళ్ళలేక గడప మీదే కూర్చుండిపోయింది.