రాకెట్ మీది అక్షరాలు

నాలుగడుగుల రాకెట్ నమూనాకు కిట్‌లోనే లోపం ఉంది. రెండు సగాలు కలిసేచోట సందు. సైన్స్ మాస్టారు సురేందర్ దాన్ని పుట్టీతో నింపి, గరుకు కాగితంతో నున్నగా రుద్దాడు. కానీ నీళ్లలో నానబెట్టి అతికించే పల్చటి అక్షరాల స్టిక్కర్లు అతని చేతిలో ముడతలు పడ్డాయి. ఒకటి చిరగబోయింది.

"ఇటియ్యి తమ్మీ," అంది బీడీలు చుట్టే అక్క గంగుబాయి. వేలికొసతో మెల్లగా జార్చి, ఒక్క గాలిబుడగ లేకుండా అన్నీ అతికించింది.

నిజామాబాద్ సైన్స్ ప్రదర్శనలో అందరూ ఆ అక్షరాల దగ్గరే ఆగారు. "గివి ఎవరు అంటించిండ్రు సార్?" అని ఒకాయన అడిగాడు.

అక్క పక్కనే ఉంది. బీడీలు చుట్టే ఆమె తన అక్క అని నలుగురిలో చెప్పడానికి సురేందర్‌కు నోరు రాలేదు.

"నేనే," అన్నాడు.

ఇల్లు చేరేదాకా ఆమె ముఖం చూడలేకపోయాడు. గడప దగ్గర తప్పయిందని చెప్పబోతుంటే, ఆమే అతని చెయ్యి పట్టుకుంది.

"నాకు సదువు రాదు గద తమ్మీ. ఒక్కటన్న తలకిందులు అంటిస్తినేమోనని గుండె దడదడ కొట్టుకున్నది. గాయన అడగంగనే నీ మీదేసుకున్నవు. నన్ను కాపాడినవురా."

సురేందర్ కాదనలేదు. తల దించుకుని, ఆ మెప్పు కూడా తానే తీసుకున్నాడు.